దవఖానల మగ్గం పీట

మంగళారం, పొద్దుగాల తొమ్మిది గంటల ఇరవై నిమిషాలు. ఆ గడియల మా మామ గుండె ఆగింది. గడియారం సూసి చెప్పుడు అప్పటికి నాకు రాదు. సిస్టరమ్మ కాయితం మీద రాసింది. ఆ కాయితం నకలు మా ఇంట్ల రేకు పెట్టెల ఏండ్లకేండ్లు పడి ఉండె. నాకు అక్షరాలు యాభై దాటినంక వచ్చినయి. పెద్దోళ్ళ బడి పెడితే పోయి కూసున్న, నా బిడ్డ ఈడు పిల్ల నా చేత బలపం పట్టిచ్చింది. నేర్చుకున్నోళ్ళంత ముందుగాల మొగని పేరు రాసిన్రు, దేవుని పేరు రాసిన్రు. నేను ఇంటికి వచ్చి పెట్టె తెరిచి ఆ కాయితం తీసిన. రాతంత ఇంగ్లీషుల ఉంది, అది నాకు ఇప్పటికీ రాదు. అంకెలు మాత్రం అంకెలే. మీద తొమ్మిది ఇరవై అని ఉంది. కింద పది ఐదు అని ఉంది. నడుమ జరిగింది ఆ కాయితం మీద లేదు. అది నేను రాస్తున్న.

నేను సిరిసిల్లల పుట్టిన. మగ్గాల ఇల్లు మాది. ఏడేండ్ల ఈడుకెళ్ళి రాట్నం ముందల కూసొని కండెలు చుట్టిన. కోరుట్లకు ఇచ్చిన్రు, అక్కడ గూడ మగ్గమే. మా మామ గుంట మగ్గం మీద నేసెటోడు. కరెంటు మగ్గాలు వచ్చినంక చేతి మగ్గం బట్టను అడిగేటోడు లేకుండ పోయిండు. నా మొగడు బతుకుదెరువుకు బొంబాయి పక్కకున్న భీవండి పోయిండు, ఏడాదికి ఒకసారి వచ్చెటోడు. బిడ్డను సిరిసిల్లల మా అవ్వ దగ్గర సదువుకు ఉంచిన. నేను జగిత్యాలల ఒక దవఖానల ఆయమ్మ పనికి కుదిరిన. ఏ దవఖాన అన్నది రాయ. పొద్దుగాల బస్సుకు పోవుడు, పొద్దుమీకి బస్సుకు వచ్చుడు. అత్త నేను కాపురానికి రాకముందే పోయింది. అంటే ఇంట్ల ఉన్నది మామ, నేను, ఒక నల్లకోడి.

కోడి ముచ్చట ఎందుకు చెప్తున్ననంటే, మా ఇంట్ల మాటలన్ని దాని మీదికెళ్ళే నడిచేటియి. మా ఇండ్లల్ల కోడలు మామ ఎదురుంగ నిలవడది. మామ ఉన్న కాడ మంచం మీద కూసోదు. కొంగు నెత్తి మీదికెళ్ళి జారనియ్యది. మామ గూడ కోడలితోని సూటిగ మాట్లాడడు. నడుమ అత్తనో పిల్లలో ఉంటే వాళ్ళతోని చెప్పిస్తడు. మా ఇంట్ల నడుమ ఎవరు లేరు. కోడి ఉంది.

"కోడీ, పప్పుల ఉప్పు పడలేదని నాకనిపిస్తున్నది. నీకెట్లున్నది?" అనెటోడు మామ.

నేను పొయ్యి కాడికెళ్ళి కోడికే జవాబు చెప్పేదాన్ని. "కోడీ, ఉప్పు చిప్ప ఆయన మోకాలి పక్కకే ఉన్నది. చెయ్యి చాపితె అందుతది."

పక్కింటి అవ్వ నవ్వేది. మీ ఇంటి కోడికి ఉన్న తెలివి పంచాయతీ పెద్దమనుషులకు లేదు, దాన్ని మాత్రం కోసుకోకున్రి, కోస్తే మామాకోడండ్లు మూగోళ్ళయితరు అనేది. ఆ కోడి ముసలిదై పోతే దాని పిల్లకు ఆ కొలువు వచ్చింది. పదకొండేండ్లల్ల మా మామ నాతోని ఒక్క మాట సూటిగ అనలే. అట్లని మనిషి చెడ్డోడు గాదు. నేను డ్యూటీకెళ్ళి వచ్చేసరికి అన్నం వండి పెట్టి, గిన్నె మీద గిన్నె బోర్లిచ్చి, తను అవుతలికి పోయి కూసునెటోడు. ఏ మామ కోడలికి వండి పెడతడు? అది గూడ కోడికే చెప్పెటోడు, అన్నం చల్లారుతున్నదని.

ఇగ పని సంగతి. దవఖానకు ఒక డాక్టరు సారు కొత్తగ వచ్చిండు, ఆంధ్ర దిక్కు మనిషి. కరీంనగర్ల ఉండి రోజు వచ్చి పోయెటోడు. వచ్చిన నెలల్నే మమ్ముల అందర్ని నిలవెట్టి ఎద నొక్కుడు నేర్పిండు. గుండె ఆగిన మనిషి ఎద నడుమ రెండు చేతులు ఒకదాని మీదొకటి పెట్టి నొక్కితే, నొక్కినంతసేపు నెత్తురు తలకాయకు పోతదంట. మనం ఆగితే అది ఆగుతదంట. డాక్టరు ఒక్కడే ఉంటడు, అన్నిసార్లు అందడు, అందుకే ఆయమ్మకు గూడ రావాలె అన్నడు. పరుపు చుట్టి బల్ల మీద పెట్టి దాన్ని నొక్కుమన్నడు.

నేను నొక్కిన. సారు తల పట్టుకున్నడు. రాట్నం తిప్పే మనిషి బరువంత పిర్రల మీద ఉంటది, పని చెయ్యిది, మణికట్టుది. నేను గట్లనే చేతులతోని కుక్కిన. మోచేతులు మడుస్తున్న, తెరుస్తున్న. ఇరవై సార్లకే చేతులు పడిపోయినయి.

"చేతులతో కాదమ్మా," అన్నడు సారు. "నీ బరువుతో నొక్కు. చేతులు రెండు కర్రలనుకో. కర్ర మడుస్తుందా?"

ఒక చెక్క స్కేలు పట్టుకొని మోచెయ్యి మడిచినప్పుడల్ల దాని మీద తట్టెటోడు. భుజాలు సక్కగ చేతుల మీదికి రావాలె. నడుములకెళ్ళి వంగాలె. మీదికెళ్ళి కిందికి పడాలె, పక్కకెళ్ళి తోసుడు గాదు. లేసేటప్పుడు ఎదను పూర్తిగ లేవనియ్యాలె, అట్లని చెయ్యి ఎడబాయొద్దు. పదిహేను రోజులకు నాకు వచ్చింది. సిస్టరమ్మ కంటె నాకే మంచిగ వచ్చిందని సారే అన్నడు.

అయితే ఒక కష్టం ఉండె. నేను మూడు మూరల మీద బెత్తెడు మనిషిని. వానలకు వార్డులకు నీళ్ళు వస్తయని మంచాలన్ని ఇటుకల మీద ఎక్కిచ్చిన్రు. మంచం నా బొడ్డు దాటి వచ్చేది. నేల మీద నిలవడితె నా భుజాలు మనిషి ఎద మీదికి రావు. ఇనుప మెట్టు ఒకటి ఉంటుండె, కాలు ఊడి మూలకు పడ్డది. సారు చెప్పిండు: మెట్టు ఉంటే మెట్టెక్కు, లేకుంటే మోకాలు మంచం మీద పెట్టి ఎక్కు, సూసేటోళ్ళు ఏమనుకుంటరో అని ఆలోచన చెయ్యకు. ఈ మాట నాకు మంచిగ ఎర్కె. నాకు అక్షరాలు రాక ఏదో తెలువక జరిగింది అని నా బిడ్డ ఇప్పటికీ అంటది. కాదు. నాకు ఎర్కె.

ఒకసారి ఎక్కిన గూడ. అవి అడివిల అన్నలు బందు అంటే బస్సులు ఆగే ఏండ్లు, పోలీసోళ్ళ జీపు ఆగితే ఊరు ఆగే ఏండ్లు. ఒకరోజు పోలీసోళ్ళు ఒక పిలగాన్ని తెచ్చిన్రు. ఇరవై ఏండ్లు ఉంటయో లేవో. ఏం దెబ్బలని మేం అడగలే, వాళ్ళు చెప్పలే. చెయ్యి మంచం పట్టెకు గొలుసేసి కట్టిన్రు. పగటీలి గుండె ఆగింది. సారు నొక్కి నొక్కి ఆయాసపడి, నువ్వెక్కు అన్నడు. చెప్పులు ఇడిచి మోకాలు మంచం మీద పెట్టి ఎక్కిన, ఆ పిలగాని పక్కపొంటి కూసొని మీదికి వంగి నొక్కిన. వార్డంత సూస్తుంది. కొంగు యాడ పోయిందో నాకు సోయి లేదు. ఆ పిలగాడు దగ్గిండు. బతికిండు. మూడో నాడు పోలీసోళ్ళు తీస్కపోయిన్రు. పదిహేను రోజులకు పేపర్ల ఫోటో వచ్చిందని సిస్టరమ్మ చదివి చెప్పింది, అడివిల కాల్పులని రాసిన్రంట. నాకు చదువ రాదు గద, ఫోటో మాత్రం సూసిన. నేను నొక్కిన ఎద ఫోటోల కనవడలే, ముఖమే ఉంది.

అది ఒక దుఃఖం. దాని ఎనక ఇంకోటి వచ్చింది. ఆ రోజు వార్డుల మా కోరుట్ల మనుషులు ఉన్నరు. బస్సు కోరుట్ల అడ్డ మీద ఆగకముందే ముచ్చట ఇంటికి చేరింది. ఫలానాయన కోడలు మొగోని మంచమెక్కిందంట, పదిమంది సూడంగ. ఇంటికి పోయేసరికి మామ అన్నం తినకుండ కూసున్నడు.

"కోడీ, దవఖానల నేల మీద నిలవడి చేసే కొలువు లేదంటనా?" అన్నడు.

మనిషి చచ్చిపోతుండె, బతికిచ్చిన్రు అని కోడికి చెప్పిన. మెట్టు లేదు, మంచాలు ఎత్తు అని చెప్పిన. మామ కంచం అవుతలికి జరిపిండు.

"బతికిచ్చింది మంచిదే. మంచం మంచమే," అన్నడు.

నేను ఇగ ఎక్క అన్న. ఎవరు అడగలే నన్ను. నేనే అన్న. ఆ మాట ఎందుకన్ననో ఇన్నేండ్లయినా నాకు సమజ్ కాలే.

నాలుగు రోజులకు మామ కోడిని అడిగిండు, దవఖాన మంచం ఎత్తెంత అని. నేను మగ్గం పోగు ఒకటి పట్టుకపోయి, నేలకెళ్ళి పరుపు దాక కొలిచి, ముడేసి తెచ్చి గడప మీద పెట్టిన. నా ఎత్తు ఆయన అడగలే, అడగరాదు. ఉట్టి మీది కుండ నేను ఎక్కడికి అందుకుంటనో సూసి అందాజు కట్టిండు. మరుసటి ఆదివారం నేను పొయ్యి కాడ ఉంటే ఎనక అర్రల రంపం సప్పుడు. తొంగి సూసిన. మగ్గం గుంజలు కోస్తున్నడు. ఆ మగ్గం నాలుగేండ్లు అయింది నడవక, అయినా రోజు తుడిచెటోడు. గుంజలతోని నాలుగు కాళ్ళు చేసిండు. మీద పలకకు తను కూసొని నేసే పీటను కొట్టిండు. ముప్పై ఏండ్లు దాని మీద కూసున్నడు. నడుమ నున్నగ అరిగి, జెరంత గుంతపడి ఉంది.

స్టూలు తెచ్చి వాకిట్ల పెట్టి అవుతలికి పోయిండు. నేను దాని మీద కాలు పెట్టలేకపోయిన. ఆయన కూసున్న పీట మీద నా కాలా? పొద్దుమీకి గూడ అది గట్లనే ఉంటే మామ కోడికి చెప్పిండు.

"కోడీ, అది ఇగ పీట గాదు. మెట్టు. మెట్టు మీద కాలు గాక నెత్తి పెడతరా?"

దాన్ని బస్సు మీద ఏసుకొని జగిత్యాలకు పట్టుకపోయిన. సారు సూసి, ఎక్కి, ఊగి, మెచ్చుకున్నడు. నా భుజాలు సక్కగ చేతుల మీదికి వచ్చినయి. పోగు ముడి ఎంత పెడితె అంతే. అప్పటికెళ్ళి ఎనిమిది నెలల్ల ఐదుగురికి దాని మీద నిలవడి నొక్కిన. ఎవరు లేవలే. అయినా మంచం మాత్రం ఎక్కలే.

ఆ మంగళారానికి ముందటి సోమారం పగటీలి నాకు సుట్టీ. మామ వాకిట్ల కూసొని ఎద రాసుకుంటున్నడు.

"కోడీ, ఎవరో ఎద మీద బండ పెట్టినట్టున్నదని చెప్పు," అన్నడు.

నేను సద్దుకొని బస్సెక్కిచ్చిన. ఆయన ముందల సీట్ల, నేను ఎనక సీట్ల. సారు ఉన్నడు. సూది ఏసిండు, సెలైను పెట్టిచ్చిండు, గుండె పోటే, రెండు రోజులు కదలనియ్యద్దు అన్నడు. పొద్దుగాలనే వస్త అని కరీంనగర్ పోయిండు. ఆయనను తప్పు పట్ట. మంగళారం బందు అని అన్నలు రాత్రికే చీటీలు వేసిన్రు, రోడ్డుకు అడ్డం చెట్లు కొట్టిన్రు, బస్సు గాదు కదా సైకిలు గూడ కదలలే. నేను ఆ రాత్రి ఇంటికి పోలే. మామ ఈపు కిందికి వచ్చేటట్టు పరుపు మీద, దుప్పటి కింద చెక్క పెట్టిన. మెత్తటి పరుపు మీద నొక్కితే పరుపే కిందికి పోతది, ఎద పోదు, అందుకని కింద చెక్క ఉండాలె. అంటే అది ఆగుతదేమో అని నా మనసుల ఉంది. చెక్క పెట్టిన. స్టూలు మంచం పక్కకే పెట్టిన.

పొద్దుగాల బందు అని గేటు కాడ ఒక కానిస్టేబులును నిలవెట్టిన్రు. వయసు మీద పడ్డ మనిషి. తుపాకి భుజానికేసుకొని తెల్లారకముందుకెళ్ళి నిలవడే ఉన్నడు. నేను చాయ పట్టుకపోతే, అక్కా కూసునేటందుకు ఏమన్న ఉన్నదా, కాళ్ళు గుంజుతున్నయి అన్నడు. కుర్చీ సారు అర్రల తాళం లోపట ఉంది. నేనే పోయి స్టూలు తెచ్చి ఇచ్చిన. ఆయన గుంజుకోలే, బెదిరియ్యలే. నేనే ఇచ్చిన. చాయ గిలాస తీసుకునేటప్పుడు మళ్ళ తెచ్చుకోవచ్చు అనుకున్న.

వార్డులకు వచ్చి గంజి కలుపుతున్న. మామకు మెలకువ అయింది. ఇక్కడ కోడి లేదు. అటిటు సూసి సెలైను సీస దిక్కు తిరిగిండు.

"ఓ సీసా, నా మగ్గం పీట యాడున్నదని అడుగు."

"పోలీసాయన కూసున్నడు, తెస్తరని చెప్పు," అన్న నేను, సీసకే.

"కూసోనీయి. పీట కూసునేటందుకే గద."

పక్క మంచం మీద కడుపు ఆపరేషనైన ఒక ముసలామె నవ్వింది. మీ ఇంట్ల సీసలు గూడ మాట్లాడుతయా బిడ్డా అన్నది. నేను గంజి చల్లారపెడ్తున్న. తిరిగి సూస్తే మామ నోరు తెరుసుకొని ఉన్నడు. కండ్లు మీదికి పోయినయి. పిలిచిన. మామా అని పిలిచిన, పదకొండేండ్లల్ల అదే మొదలు. పలుకలే. ఎద మీద చెవి పెట్టలే, ముక్కు కాడ చెయ్యి పెట్టి సూసిన. గాలి లేదు.

సిస్టరమ్మా అని ఒర్లిన. ఆమె పక్క వార్డులకెళ్ళి వచ్చింది. ఆమెకు ఎనిమిదో నెల నడుస్తుంది, వంగి నొక్కుడు ఆమెతోని కాదు. గాలి కొట్టే రబ్బరు బుడ్డి తీసుకొని తల కాడికి పోయింది. నొక్కాల్సింది నేనే.

స్టూలు లేదు.

ఊడ్చే చాచా వరండాల ఉన్నడు. ఉర్దూ మాట్లాడే పెద్దమనిషి, దవఖానల నాకంటె ముందుకెళ్ళి ఉన్నోడు. చాచా, గేటు కాడ స్టూలు అన్న. ఆయన చీపురు పారేసి ఉరికిండు. నేను నేల మీద నిలవడి చేతులు పెట్టిన. మంచం పట్టె నా కడుపుకు ఒత్తుకుంటుంది. నా భుజాలు మామ పక్కటెముకలకు సరిగ ఉన్నయి, ఎద మీదికి రాలే. మోచేతులు మడవకుండ నొక్కితె ఆయన గోడ దిక్కుకు జరుగుతున్నడు. మడిచి నొక్కితె చేతుల బలమే పోతుంది, కిందికి దిగుతలేదు. మళ్ళ రాట్నం తిప్పినట్టే అయింది. ఇటుకల మీద మంచం ఊగుతుంది.

సిస్టరమ్మ నా దిక్కు సూసింది. "అక్కా, దిగుతలేదు. మంచమెక్కు."

నేను కుడి మోకాలు లేపిన. ఇనుప పట్టె మీద ఆనిచ్చిన. ఆయన ముఖం నా ముందల ఉంది. ఇన్నేండ్లల్ల అంత దగ్గరకెళ్ళి సూడలే. గడ్డం తెల్లగ ఉంది, ఎడమ చెంప మీద ఒక పులిపిరి ఉంది, అది నాకు తెలువనే తెలువది. నా చెయ్యి ఎద మీదికెళ్ళి లేసింది. లేసి నా కొంగు నెత్తి మీదికి గుంజుకున్నది. నేను చెప్పలే దానికి. అదే పోయింది. మోకాలు కిందికి దించిన.

"స్టూలు వస్తున్నది," అన్న.

ఇదే నేను రాయాలనుకున్నది. మిగతాది ఎవరైనా రాస్తరు.

"ఎక్కక్కా," అన్నది ఆమె మళ్ళ. నేను నేల మీదికెళ్ళే కుక్కుతున్న, స్టూలు వస్తున్నది, స్టూలు వస్తున్నది అనుకుంట. ఎంతసేపు? గడియారం రాదు నాకు. వార్డు, వరండ, వాకిలి, గేటు. చాచా ముసలోడు, పోవాలె, చెప్పాలె, రావాలె. తర్వాత ఒకనాడు నేనే నడిచి సూసిన, ఉరికి సూసిన. కండె సగం నిండేంత సేపు. మంచమెక్కుడు రెప్ప కొట్టినంత సేపు.

చాచా ఒక్కడే రాలే. కానిస్టేబులే స్టూలు చంకల పెట్టుకొని ఉరికొచ్చిండు, తుపాకి ఎనక కొట్టుకుంటుంది. ఏమైందక్కా అనలే, సూసి స్టూలు నా కాళ్ళ కాడ ఏసి, ఊగుతున్న మంచాన్ని రెండు చేతుల పట్టుకున్నడు. నేను ఎక్కిన. పీట గుంత నా పాదాల కింద వెచ్చగ ఉంది, పోలీసాయన కూసున్న వేడి. భుజాలు చేతుల మీదికి వచ్చినయి. నడుములకెళ్ళి వంగిన. ఎద దిగింది. సారు చెప్పినట్టే దిగింది, లేసింది, దిగింది. రెండు పక్కటెముకలు ఇరిగినయి, నా అరచేతికి తెలిసింది. ఇరిగితే ఇరుగనియి అని సారు అన్నడు. అంత మంచిగ నేను ఎన్నడు నొక్కలే. చెమట ముక్కు కొసకెళ్ళి ఆయన ఎద మీద పడుతుంది. చాచా కండ్లు మూసుకొని దువా చేస్తున్నడు. ముసలామె ఏడుస్తుంది. నేను ఆగలే. కొంగు ఎప్పుడు జారిందో, ఈసారి చెయ్యి దాని కోసం పోలే.

సిస్టరమ్మ కొద్దిసేపటికి కనుపాపలల్ల బ్యాటరీ ఏసి సూసింది. ఇంకొద్దిసేపటికి మళ్ళ సూసింది. చాలక్కా అన్నది. నేను ఇనలే. కానిస్టేబులు మంచం ఇడిచి, అమ్మా దిగు అన్నడు. దిగిన. పది గంటల ఐదు నిమిషాలు.

పగటీలి సారు ఎవరిదో మోటరు సైకిలు మీద చెట్లు దాటుకుంట వచ్చిండు. అంతా ఇని కుర్చీల కూసున్నడు.

"సారూ, నేను అప్పుడే మంచమెక్కితే దక్కుతుండెనా?"

ఆయన నా ముఖం సూడలే. "చెప్పలేమమ్మా. ఎక్కినా దక్కేవారు కాదేమో."

ఏమో అన్నడు. నన్ను ఓదార్చేటందుకే అన్నడు, నాకెర్కె. దక్కడు అంటే నేను ఏడ్చి ఊకుందును. దక్కుతుండె అంటే ఏదో ఒకటి చేసుకుందును. ఏమో అన్నదాన్ని ఏం చేసుకోవాలె మనిషి?

బందు సల్లపడ్డంక పొద్దుమీకి ఒక ట్రాక్టరు దొరికింది. కోరుట్లకు పోయేదాక ట్రాలీల ఆయన కాళ్ళ దిక్కే కూసున్న. తల దిక్కు చాచా కూసున్నడు. నా మొగడు భీవండికెళ్ళి నాలుగో నాటికి చేరుకున్నడు. అప్పటికి అన్ని అయిపోయినయి.

"నువ్వు అక్కడనే ఉన్నవు గద?" అని అడిగిండు.

"ఉన్న."

"గంతే సాలు. నాయినకు ఆఖరికి మనోళ్ళు ఉన్నరు," అన్నడు. అని నా చెయ్యి పట్టుకున్నడు. నా చెయ్యి ఊరికే ఉండిపోయింది. ఆయనకు ఎన్నడు చెప్పలే. ఆయన గూడ పోయిండు, చెప్పకుండనే పోయిండు. దినాలల్ల కోడిని కోసిన్రు. నేను తినలే.

స్టూలు దవఖానల్నే ఉంచిన. దానికి తాడు కట్టి మంచం కాలుకు ముడేసిన, ఎవరు అడిగినా ఇయ్యలే, కూసోనియ్యలే. నేను పింఛను తీసుకునేదాక దాని మీద నిలవడి నొక్కిన. ఇద్దరు లేసిన్రు, ఒకామె బాలింత, ఒకాయన లారీ డ్రైవరు. అందరు నన్ను మెచ్చుకున్నరు. ఆ బాలింత తల్లి నా కాళ్ళు మొక్కింది, నా కాళ్ళు అప్పుడు పీట మీదనే ఉన్నయి. నేను పీట దిగి అవుతలికి పోయిన. ఇప్పటి సిస్టరు పిల్లలను సూస్తున్న గద, మోకాలు మంచం మీద పెట్టుమని చెప్పకముందే ఎక్కుతరు. ఎవరి మామో, ఎవరి తాతో సూడరు. మంచిదే. నేను సూసి తల తిప్పుకుంట.

ఎవరన్న అడుగుతరు, అప్పటి రోజులే గట్లుండె, నీ తప్పేమున్నది అని. రోజులు మోకాలు దించయి. నేను దించిన.

ఆ మంగళారం నాడు అక్కడ ఉన్నోళ్ళను రాస్త. పేర్లు రాయ, వరుసలే రాస్త. తల కాడ గాలి కొట్టుకుంట ఎక్కక్కా అని రెండుసార్లు చెప్పిన సిస్టరమ్మ. ఆమె కడుపుల బిడ్డ. స్టూలు కోసం ఉరికిన చాచా. స్టూలు చంకల పెట్టుకొని వచ్చి మంచం పట్టుకున్న కానిస్టేబులు. పక్క మంచం మీద కడుపు కుట్లు పట్టుకొని ఏడ్చిన ముసలామె. మగ్గం కోసి స్టూలు చేసిన మా మామ. నెత్తి మీద కొంగుతోని నేల మీద నిలవడ్డ నేను.